కిటికీలోంచి విడుదలైన ఆకు

సారపాక, భద్రాచలం, దుమ్ముగూడెం తిరిగొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధి వీధంతా నన్ను అడిగేది ఒక్కటే: గోదావరి ఎట్లా ఉంది? బాగానే ఉంది. మీరు పోయినప్పుడు కూడా అక్కడే ఉంటుంది, తీరిగ్గా చూసుకోండి. నేను చూసిన మేక మాత్రం ఆ స్థితిలో మీకు మళ్లీ దొరకదు. అందుకే ఇది రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం. సారపాకలో పుస్తకాలంటే ఇష్టమున్న కొందరు కలిసి చిన్న క్లబ్బు పెట్టుకున్నారు. గంజాయికి చట్టం అనుమతి ఇవ్వాలా, వద్దా అని చర్చ పెడుతున్నామనీ, "ఇవ్వాలి" అనే పక్షాన నన్ను మాట్లాడమనీ రాశారు. హాస్యం రాసేవాడు ఏ పక్షమైనా మాట్లాడతాడని లోకం నమ్మకం. పైగా ఆ పక్షానికి జిల్లా మొత్తం గాలించినా ఇంకెవరూ దొరకలేదట.

మా ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"సిగరెట్టు ముట్టించబోయి మీసం కాల్చుకున్న మనిషి మీరు. గంజాయి గురించి ఏం చెప్తరు?"

"సూత్రం చెప్తా."

"ఆకన్నా చూసిన్రా ఎప్పుడైనా?"

"సూత్రానికి ఆకుతో పనిలేదు."

పద్నాలుగు పేజీలు రాశాను. శివుడితో మొదలుపెట్టి, ఋషుల మీదుగా, సముద్రాలు దాటి విదేశాలకు పోయి, వ్యక్తి స్వేచ్ఛ దగ్గర లంగరు వేశాను. నిషేధం పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే దొంగ పెరుగుతాడు అన్న వాక్యం రాసినప్పుడు నాకే ఒళ్లు పులకరించింది. ఆ కాయితాలు చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటే గుండె అర బెత్తెడు ముందుకొచ్చినట్టయింది.

ఇల్లందు: రెండు పేజీల మనిషి

ఖమ్మంలో ఎక్కిన బస్సు ఇల్లందు చేరేసరికి నా నడుములోని ఎముకలన్నీ పేరుపేరునా నాకు పరిచయమయ్యాయి. బస్టాండులో మిరపకాయ బజ్జీ. అయిదు రూపాయలకు నాలుగు. ఒక్కొక్కటీ బొగ్గుబావిలోంచి అప్పుడే పైకి తీసినంత వేడి. మా ఖమ్మంలో బజ్జీలో వాము పెడతారు. ఇక్కడ నిప్పు పెడతారు. రెండోది తిన్నాక కాసేపు నాకు వెనకటి జన్మ గుర్తొచ్చింది.

పక్క సీట్లో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన నీళ్ల సీసా అందించారు. పేరు సుబ్బారాయుడు. మధిర వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాటల్లో తేలిందేమిటంటే ఆయనా సారపాకకే, ఆ చర్చకే. "ఇవ్వకూడదు" అనే పక్షం ఆయనది.

"ఎన్ని పేజీలండీ మీవి?" అన్నాను, యుద్ధంలో ఫిరంగులు లెక్కపెట్టే సేనాపతిలా.

"రెండు."

జాలిపడ్డాను. "రెండింటిలో ఏం చెప్తారు మాస్టారూ?"

"ఒక్క పిల్లవాడి గురించి చెప్తానండి. లెక్కల్లో నన్నే తప్పు పట్టేవాడు. ఇవాళ రైల్వేస్టేషను దగ్గర పేరుపెట్టి పిలిచినా తిరిగి చూడడు. అంతే, ఇంకేం లేదు."

నా పద్నాలుగు పేజీలూ జేబులో కొంచెం కదిలాయి.

బస్సు కదిలేముందు ఒక కోయ ఆమె ఎక్కి నా రెండో పక్కన కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయి. చేతుల్లో రెండు మూటలు, ఒకటి పెద్దది, ఒకటి పసుపు అంచు బట్టలో కట్టిన చిన్నది. కూర్చున్న నిమిషానికి కొంగు విప్పి నా చేతిలో తునికిపండ్లు పోసింది. మా వీధిలో పదేళ్లు పక్కింట్లో ఉన్నా చక్కెర అడిగితే తలుపు చాటుకు పోతారు. ఈమె పేరు తెలియకముందే పండు పెట్టింది. తర్వాత చెప్పింది, ముత్తమ్మ.

"ఏడికి సారూ?"

"సారపాక. మాట్లాడ్డానికి."

"మాట్లాడనీకి గింత దూరమా? మీ ఊర్ల మాట్లాడెటోళ్లు లేరా?"

మాస్టారు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.

ముత్తమ్మది దుమ్ముగూడెం అవతల, కుడిచేతి బాటన ఒక గూడెం. పుట్టింటికి పోయి వస్తోంది. "మా మైలోడు రెండొద్దుల సంది గడ్డి ముడ్తలేడు సారూ. కడుపు డోలు లెక్క ఉబ్బింది. నెమరేస్తలేడు" అంది. మైలోడంటే ఆమె అరకలో ఒక ఎద్దు. "రేపు భూమి పండుగ. ఎల్లుండి పొద్దుగాల ఊరంతా అరకలు కడ్తది. ఒంటెద్దోళ్లకు ఆఖర్న ఎవరన్న జాలిపడి ఎద్దునిస్తేనే దుక్కి. గప్పటిదాంక వాన ఆగుతదా?"

ఆగదన్నాను. వాన తరఫున అంత ధైర్యంగా మాట్లాడింది నేనే.

చెక్‌పోస్టు: మూటలున్నోళ్లు దిగుండ్రి

కొత్తగూడెం దాటాక అడవి రెండువైపులా దగ్గరికొచ్చి బస్సులోకి తొంగిచూసింది. ఒక మలుపులో అడ్డకర్ర, రేకుల గుడిసె, దాని పక్కన చాయ్ కొట్టు, ఇద్దరు కానిస్టేబుళ్లు. ఒకతను మెట్టెక్కి అరిచాడు.

"మూటలున్నోళ్లు దిగుండ్రి! జల్దీ!"

బస్సు సగం ఖాళీ అయింది. దిగినవాళ్లంతా బట్టలో కట్టుకున్న మూటలవాళ్లు. జిప్పు సంచులవాళ్లం, సూట్‌కేసులవాళ్లం కదల్లేదు. మమ్మల్ని ఎవరూ కదలమననూ లేదు. సామానుకు కూడా కులగోత్రాలుంటాయని యాభై ఏళ్లకు నాకు తెలిసింది.

ముత్తమ్మ పెద్దమూట చంకన పెట్టుకుని, పసుపు అంచు మూట నా ఒళ్లో పెట్టింది. "జర పట్టుకో సారూ. నీ అసుంటోళ్లను ఎవరడుగుతరు?" అని దిగిపోయింది.

పట్టుకున్నాను. పెద్దమనిషితనం ఒలికిపోతుంటే ఆపుకోలేకపోయాను. అప్పుడు మాస్టారు ముక్కు ఎగబీల్చారు.

"ఏవండీ. ముప్పై అయిదేళ్లు బళ్లో పనిచేశాను. వెనకబెంచీ వాసన నాకు తెలుసు. మీ ఒళ్లో ఉన్నది అదేనండీ."

"ఏది?"

"మీరు ఏ పక్షాన మాట్లాడబోతున్నారో అది."

అప్పటిదాకా గుప్పెడంత బరువున్న మూట ఒక్కసారి రోలంత అయింది. చూస్తుండగానే రోడ్డురోలరంత అయింది. నా చెవుల్లో జైలు తలుపు గడియ పడింది. రేపటి పేపర్లో నా ఫోటో, ఆ ఫోటో చూసి మీసం సరిచేయమంటున్న మా ఆవిడ, అన్నీ కనబడ్డాయి. శివుడు గుర్తురాలేదు. ఋషులు గుర్తురాలేదు. వ్యక్తి స్వేచ్ఛ బస్సు దిగి అడవిలోకి పారిపోయింది.

"కంగారుపడకండి. ఆమె ఎందుకు తెస్తోందో ముందు కనుక్కుందాం" అంటున్నారు మాస్టారు.

కానిస్టేబులు లోపలికి అడుగుపెట్టాడు. నేను కనుక్కోలేదు. మాస్టారి మోకాళ్ల మీదుగా చెయ్యి చాపి, మూటను కిటికీలోంచి తుప్పల్లోకి విసిరేశాను. మా వీధి క్రికెట్లో నేనెప్పుడూ అంత దూరం విసరలేదు.

కానిస్టేబులు దగ్గరకొచ్చి నా మొహం చూశాడు. "ఏంది సార్, గట్ల చెమటలు?"

"ఎండ."

"అవ్ సార్. ఎండ బాగున్నది" అని సెల్యూట్‌లాంటిదొకటి చేసి దిగిపోయాడు. నా సంచి వైపు చూపు కూడా పారేయలేదు.

బస్సు కదిలాక ముత్తమ్మ వచ్చి కూర్చుంది. నా ఒడి చూసింది, సీటు కింద చూసింది. "మూటేది సారూ?"

చెప్పాను. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ అవతల మాస్టారున్నారు.

ఆమె అరవలేదు, తిట్టలేదు. "అది ఎద్దుమందు సారూ" అంది. "మా అమ్మగారింట దొడ్డి ఎనక ఒక్క చెట్టే మిగిలింది. పిడికెడు ఆకు దంచి దాణాల కలిపి పెడితే మా దిక్కు పసురం మేతకొస్తది. గందుకే పోయిన."

చేతికందిన తునికిపండ్లు ఇంకా నా దగ్గర మూడున్నాయి. ఆమె దగ్గర మిగిలినవాటిని కొంగులో ముడేసుకుంది. సారపాక దాకా ఆ ముడి విప్పలేదు.

సారపాక: నా ఓటమి

కాయితం మిల్లు ముందాగిన వెదురు లారీల వరస దాటుకుని క్లబ్బుకు చేరాం. ముత్తమ్మ అదే బస్సులో భద్రాచలం వెళ్లిపోయింది. సాయంత్రం అయిదింటికి సభ. టీ, జీడిపప్పు ఉప్మా. మా ఖమ్మంలో సభలకు జీడిపప్పు ఉప్మా అంటే ఉప్మాలో జీడిపప్పు ఉందని వక్త ప్రకటించాలి. ఇక్కడ జీడిపప్పుల మధ్య ఉప్మాను వెతుక్కోవాల్సి వచ్చింది.

పద్నాలుగు పేజీలూ చదివాను. చప్పట్లు ఓ మోస్తరుగా ఉండేసరికి ఆశపుట్టి, కాయితంలో లేనిది అందుకున్నాను. "అడవి తల్లి ఒకామె, మేతకు దూరమైన తన ఎద్దు కోసం పిడికెడు ఆకు తెస్తుంటే అది నేరమా?" అన్నాను. గొంతు వణికించాను. ముందువరసలో ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. గెలిచేశానని అక్కడే నిర్ణయమైపోయింది, నా మట్టుకు.

మాస్టారు లేచారు. తన పిల్లవాడి సంగతి చెప్పారు. గొంతు వణికించలేదు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది. చివర్లో కాయితం మడుస్తూ అన్నారు:

"మా మిత్రులు ఆకుకు స్వేచ్ఛ కావాలంటున్నారు. వారిది మాటల స్వేచ్ఛ కాదండీ. ఇవాళ పొద్దున నా కళ్లముందే బస్సు కిటికీలోంచి స్వయంగా విడుదల చేశారు. ఆ ఎద్దు మాత్రం ఇంకా లేవలేదు."

హాలు కూలిపోతుందేమో అన్నంత నవ్వు. గోదావరి అవతలి ఒడ్డున రాములవారు ఉలిక్కిపడి ఉంటారు. శాలువా మాస్టారికి, నాకు ఒక స్టీలు గ్లాసు.

మెట్లు దిగుతూ మాస్టారు అన్నారు, "నవ్వించాను గానీ నాకూ బాగాలేదండి. పొద్దున్నే లేవండి. వెతుకుదాం."

తుప్పల్లో: ఆ మేక

మర్నాడు ఏడింటికి ఆటో కిరాయి కట్టుకుని చెక్‌పోస్టుకు వెనక్కొచ్చాం. గంజాయికి అనుమతి ఇవ్వాలన్నవాడూ వద్దన్నవాడూ నడుములు వంచి, పక్కపక్కన, ఒకే తుప్పలో గంజాయి కోసం వెతికారు. ప్రపంచంలో ఏ చర్చ కూడా ఇంత ఏకాభిప్రాయానికి వచ్చి ఉండదు.

నిన్నటి కానిస్టేబులు చాయ్ గ్లాసుతో వచ్చాడు. "ఏం పోయింది సార్?"

"చేతిరుమాలు" అన్నాను. పాపం, అతనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. మాస్టారు అబద్ధానికి సాక్షి కావడం ఇష్టంలేక ఆకాశం చూస్తూ నిలబడ్డారు.

దొరికింది. పసుపు అంచు బట్ట, ఖాళీగా, నాలుగు పంటిగాట్లతో. పది అడుగుల అవతల మేక. ముందుకాళ్లు బండ మీద పెట్టి దూరాన గుట్టను చూస్తోంది. ఆ చూపులో ఉన్న శాంతి నేను ఏ స్వామీజీ మొహంలోనూ చూడలేదు. ఈగ వచ్చి ముక్కుమీద వాలింది. దాన్నీ ప్రేమగా చూసింది.

చాయ్ కొట్టతను వాపోయాడు. "నిన్న మాపటిసంది దీనికేమయిందో సారూ, తింటనే ఉన్నది. చీపురు తిన్నది. నా గోడకు ఎక్సైజోళ్లు గంజాయి తప్పని పోస్టరు అంటించిన్రు, గది సుత తిన్నది. ఇప్పుడు గుట్టను చూడబట్టింది, అది కూడా తింటదేమోనని భయమైతున్నది."

"మీ రుమాలు దొరికింది కద సార్" అన్నాడు కానిస్టేబులు. మర్యాదస్తుడు, దగ్గరకు తెచ్చి వాసన చూడలేదు.

ఆటోలో అడిగాను, "ఆకే దొరికుంటే ఏంచేసేవారు మాస్టారూ?"

"దొరకలేదు కదండీ. దేవుడు నన్ను కాపాడాడు" అన్నారు.

భద్రాచలంలో పశువుల దవాఖానాకు తీసుకుపోయింది ఆయనే. డాక్టరు లక్షణాలన్నీ అడిగి, కడుపుబ్బరానికి ఒక సీసా ఇచ్చి, ఎట్లా పట్టాలో రెండుసార్లు చెప్పి, మాపటికి తగ్గకపోతే కబురు చేయమన్నారు. సీసా మాస్టారు పట్టుకున్నారు. నా చేతికి మూటలివ్వడం మానేశారాయన.

దుమ్ముగూడెం దాటాక: ఉత్త చేతులు

కుడిచేతి బాటకు తిరిగామో లేదో, దారికి అడ్డంగా తాడు. తాడు పట్టుకుని ఇరవైమంది ఆడవాళ్లు, పాట పాడుతూ. భూమి పండుగకు దారినపోయేవాడు ఎవడైనా సరే పైసలివ్వందే తాడు దిగదు. మా ఊళ్లో చందా అడిగితే ఇంట్లో లేనని ఇంట్లోంచే చెప్పొచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పదిరూపాయలిస్తే మొహం చూశారు. ఇరవై ఇస్తే పాటలో నన్ను కలిపారు. ఏమని కలిపారో ఎవరూ చెప్పలేదు, అందరూ నవ్వారు.

మగవాళ్లు వేటకు పోయారు. ఈ పండుగకు అది ఆచారం. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసుంటే దారిలో కోడిపెట్టనన్నా కొనేవాణ్ని.

గుంపులోంచి ముత్తమ్మ ముందుకొచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపడింది, నా చేతిలో బట్ట చూసి ఇంకా ఆశ్చర్యపడింది.

"నా బట్ట! లోపటిది ఏది సారూ?"

"మేక తిన్నది."

ముందు ముత్తమ్మే నవ్వడం మొదలుపెట్టింది, కడుపు పట్టుకుని. "ఓ వదినా! ఈ సారు ఏటకు పోయి ఉత్త చేతుల్తోని వచ్చిండే!"

పేడనీళ్లు. ఒక చెంబు కాదు. ఆ గూడెంలో ఉన్న పశువులన్నీ నెలరోజులు కష్టపడి నాకోసమే దాచిపెట్టినంత. తలమీంచి చెప్పుల్లోకి. మాస్టారి వైపు తిరిగిన చెంబు ఆగిపోయింది. "ఆయన చేతిల సీసా ఉన్నది, వదిలెయ్యుండ్రి" అన్నదొకామె. శాలువామీద చుక్క పడలేదు.

మైలోడు పాకలో పడుకునున్నాడు. బక్కగా, కడుపొక్కటే ఎత్తుగా, కళ్లు ఎక్కడో. హాస్యం రాసేవాణ్నే అయినా వాణ్ని చూసి నాకు నవ్వురాలేదు. వెదురు గొట్టంతో మందు పట్టారు. ఇక చెయ్యగలిగింది కూర్చోవడమే. మాకు జొన్న అంబలి ఇచ్చారు, సొరకాయ బుర్రలో. నాలుగు బుర్రలు తాగాను. జేబులోంచి పద్నాలుగు పేజీలు తీసి ఎద్దు మీద ఈగలు తోలుతూ అడిగాను:

"ముత్తమ్మా, సర్కారు ఆ చెట్టును ఒప్పుకుంటే మంచిదేనా?"

"మా అత్త ఉన్నప్పుడు ఇంటింటికి ఒక చెట్టు ఉండె. ఎవరడిగిన్రు? మోటారుసైకిళ్ల మీద పట్నపోళ్లు వచ్చి బస్తాలకు బస్తాలు కావాలన్నరు. అప్పుడు పోలీసోళ్లు వచ్చి మా చెట్లు పీకిన్రు. మోటారుసైకిళ్లు మాత్రం వస్తనే ఉన్నయి."

"అంటే ఒప్పుకోవాలంటావు" అన్నాను, ఉత్సాహంగా.

"ఒప్పుకుంటే మీ పట్నపోళ్లు అడివంత గదే ఏస్తరు సారూ. నా జొన్నకు జాగేది?"

"అంటే వద్దంటారు" అన్నారు మాస్టారు, ఆశగా.

"నాకు ఒక్క చెట్టు సాలు. గంత చిన్న చట్టం రాయొస్తదా మీకు?"

అంత చిన్నది మాకు రాదు.

అప్పుడు నా చేతిలో ఏదో లాగినట్టయింది. చూస్తే పదమూడో పేజీ సగం లేదు. మైలోడు మెడ ఎత్తి ఉన్నాడు. మూతి చివర వ్యక్తి స్వేచ్ఛ వేలాడుతోంది.

"మేస్తున్నడే!" అని ముత్తమ్మ అరిచిన అరుపుకు దుమ్ముగూడెంలో కుక్కలు మొరిగాయట. పద్నాలుగో పేజీ నేనే అందించాను. నా చెమట, పేడనీళ్లు, అంబలి మరకలు, అన్నీ కలిసి దానికి మంచి రుచి వచ్చి ఉంటుంది. మాస్టారు మెల్లగా తన రెండు పేజీలూ తీసి చాపారు. మైలోడు వాసన చూసి, వాటినీ అంతే గౌరవంతో తిన్నాడు. తర్వాత పచ్చిగడ్డి వేస్తే ముందు గడ్డి ఎందుకు పెట్టలేదన్నట్టు మా ఇద్దరినీ చూశాడు.

మూడోరోజు పొద్దున్నే, పండుగలో పూజ చేసి పంచిన విత్తనాలతో ఊరంతా అరకలు కట్టింది. మైలోడు తడబడుతూనే కాడి కిందికి వచ్చాడు. ముత్తమ్మ అరక ఆఖరున పోలేదు. వరసలో నాలుగోది.

తిరుగుదారి

వచ్చేముందు ముత్తమ్మ ఆ పసుపు అంచు బట్టలోనే పిడికెడు పండుగ విత్తనాలు కట్టి నా చేతిలో పెట్టింది. కొంగులోంచి తునికిపండ్లు కూడా. మాస్టారు భద్రాచలంలో దర్శనానికి ఆగిపోయారు. నేనొక్కణ్నే బస్సెక్కాను.

చెక్‌పోస్టు. అదే కానిస్టేబులు, అదే అరుపు. "మూటలున్నోళ్లు దిగుండ్రి!"

లేచాను. మూట పట్టుకుని దిగి, వరసలో నిలబడ్డాను. కానిస్టేబులు బిత్తరపోయాడు.

"మీరెందుకు సార్? కూసోండ్రి."

"నాక్కూడా మూట ఉంది."

విప్పి చూపించాను. అతను వేలితో కదిపాడు. "ఏం గింజలు సార్?"

"జొన్నలు."

"ఏడ ఏస్తరు?"

"ఇంట్లో. బాల్కనీలో కుండీ ఉంది."

కానిస్టేబులు కళ్లు చిన్నవయ్యాయి. మొదటిసారి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కుండీల జొన్నలా? బాల్కనీలనా?" అని నా జిప్పు సంచి తెప్పించి, స్టీలు గ్లాసుతో సహా ఒక్కొక్కటే బయటపెట్టించి, చొక్కా తీసి పేడ మరకల వాసన కూడా చూశాడు. వరసలో నా వెనకున్న ముసలాయన ఓపిగ్గా నిలబడి, "కొత్తనా సారూ?" అని అడిగాడు.

అవునన్నాను. ఆయనకు రెండు తునికిపండ్లు పెట్టాను.